అమ్మ ముక్కు

ఆర్టీసీ డ్రైవరు గారి మీసం దగ్గర పని ఆగిపోయింది.

నేను విశాఖపట్నం నుంచి వచ్చి, బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని నాన్న షెడ్డులోకి అడుగుపెట్టేసరికి ఆ గొడవ నడుస్తోంది. పోయినాయన భార్య, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు మట్టితల చుట్టూ నిలబడి ఉన్నారు. మా నాన్న నూకరాజు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మీసం ఇలా కాదండి," అన్నాడు పెద్దకొడుకు.

"మరెలా బాబూ?"

"అదేనండి... ఇలా అయితే కాదు."

"నీకేం తెలుసురా?" అంది తల్లి. "గుబురుగానే ఉండేది. డ్యూటీలో చేరాక కత్తిరించేశారు."

"అమ్మా, మాకు మా నాన్న కావాలి. నీ పెళ్ళికొడుకు కాదు."

కోడలు నవ్వు ఆపుకుంది. తల్లి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న లేచి వెళ్ళి బొటనవేలితో మీసం చివర కొంచెం నొక్కాడు. "ఇప్పుడు?"

"కాదండి."

మళ్ళీ నొక్కాడు. "ఇప్పుడు?"

ఈసారి ఎవరూ కాదనలేదు. చిన్నకొడుకు బయటికి వెళ్ళిపోయి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు. అంటే కుదిరినట్టు.

పోయినవాళ్ళ విగ్రహాలు చేయడం మా నాన్న పని. కంచుతోనో ఫైబరుతోనో పోతపోసే ముందు మట్టితో తల చేసి ఇంటివాళ్ళని పిలుస్తాడు. మా వైపు దీన్ని బొమ్మ చూసుకోవడం అంటారు. ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటేనే అచ్చు తీస్తారు. నాన్న చదివింది నాలుగో తరగతి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మట్టి కలుపుతూ ఒక మాట చెప్పాడు. "ముఖం ఎలా ఉంటుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరమ్మడూ. ఎలా ఉండదో పసిపిల్లైనా చెబుద్ది."

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇంజనీరింగు అయ్యాక మెదడు మీద పనిచేసే ఒక పరిశోధనశాలలో చేరాను. అక్కడ ఆరేళ్ళు కష్టపడి మేం తయారుచేసిన యంత్రం మొత్తం నాన్న చెప్పిన ఆ ఒక్క మాట మీదే నిలబడింది. దానికి కాగితాల మీద పెద్ద పేరుంది. మేం మాత్రం టోపీ అంటాం. ఆ రోజు నా సంచిలో ఉన్నది అదే.

డ్రైవరు గారి కుటుంబం వెళ్ళిపోయాక అప్పన్న బాబాయి టీ తెచ్చాడు. నాన్న దగ్గర పాతికేళ్ళుగా మట్టి తొక్కుతున్న మనిషి. నాన్న చేతులు కడుక్కోడానికి వెళ్ళగానే నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మాయిగారూ, మీరు నాలుగు రోజులుంటారాండి?"

"సోమవారం దాకా. ఏం బాబాయ్?"

షెడ్డు చివర నీలం టార్పాలిన్ వైపు గడ్డం చూపించాడు. "పొద్దున్నే దాని ముందు కూర్చుంటారండి. చేత్తారు. మధ్యాహ్నానికి బానే ఉంటదండి, నాకైతే సాక్షాత్తూ అమ్మగారే. మూడింటికి అరిచేత్తో నొక్కి చదును చేసేత్తారు. పదునాలుగు నెల్లయ్యిందండి. తిండి లేదు. పోతపనిలో పొరపాట్లు చేత్తన్నారు, ఆయన చేతి మీద ఎప్పుడూ లేదండి ఆ మాట. మీరు చదువుకున్నోరు, ఏదో ఒహటి చెయ్యండి."

టార్పాలిన్ వెనక ఉన్నది మా అమ్మ తాయారు తల. నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

ఫొటోలు లేవా అంటే ఉన్నాయి. పెళ్ళి ఫొటోలో పౌడరు తప్ప ముఖం లేదు. ఆధార్ కార్డులో ఎవరి ముఖమైనా ఒకటే. ఫోనులో తీసినవాటన్నింట్లో అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంటుంది. ముందు పన్ను ఒకటి సగం విరిగింది, అది కనబడకూడదని.

*

టోపీ ఎలా పనిచేస్తుందో చెప్పడం కష్టం కాదు. తెర మీద ఒక ముఖం చూపిస్తాం. తలచుకుంటున్న ముఖం అది కాకపోతే, నోరు తెరవకముందే మెదడు 'కాదు' అంటుంది. టోపీ ఆ 'కాదు'ని పట్టుకుంటుంది. ముఖం కాస్త మారుతుంది. మళ్ళీ కాదు. మళ్ళీ మారుతుంది. వందలసార్లు, వేలసార్లు. నాన్న బొటనవేలు నాలుగు రోజులు చేసే పని అది మూడు గంటల్లో చేస్తుంది. 'కాదు' ఆగిపోయిన క్షణాన ముఖం దొరికినట్టు.

దాన్ని మొదట పెట్టుకున్నది నేను. పోయినవాళ్ళ ముఖం తలచుకోవాలి కాబట్టి, ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ళు కావాలి. మా జట్టులోని చిన్నవాళ్ళలో అప్పటికి అలాంటిదాన్ని నేనొక్కదాన్నే. పరాయివాళ్ళ తల మీద పెట్టే ముందు మన తల మీద చూసుకోవాలి అనుకున్నాను. మా పరిశోధనశాల పెద్ద హైమవతి మేడమ్ రెండుసార్లు అడిగారు, "నిజంగా సరేనా కుసుమా?" అని. సరే అన్నాను.

మూడు గంటల పది నిమిషాలకి తెర మీద మా అమ్మ కనబడింది. నేను పెద్దగా ఏడ్చాను. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. ఆ తరవాత, అమ్మ పోయాక మొదటిసారి, కంటినిండా నిద్రపోయాను. పొద్దున్నే లేచి అన్నం వండుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూశాను. ఇన్నాళ్ళూ ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది.

నా తరవాత ఇంకో ఇరవైమంది పెట్టుకున్నారు. అందరిదీ ఇదే మాట. నిద్ర పట్టింది. ఆకలేసింది. పనికి వెళ్ళాం.

అప్పుడే నాన్న గుర్తొచ్చాడు. అనుమతి కాగితాలు రాయించుకుని, టోపీనీ చిన్న తెరనీ ఊరికి తెచ్చాను. ఒక కూతురిగా ఇంతకన్నా చెయ్యగలిగింది ఏముంటుంది అనుకున్నాను.

*

మర్నాడు పొద్దున్న నాన్న మట్టి తడుపుతుంటే అన్నీ చెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"పెట్టుకుంటే ఈ బొమ్మ అయిపోద్దా?"

"ముఖం దొరుకుతుంది నాన్నా. దాన్ని చూసి నువ్వు చేసెయ్యొచ్చు. ఒక్కరోజు పని."

"ఒక్కరోజు," అన్నాడు. టార్పాలిన్ తీసి, తడి గోనె విప్పాడు. "సరే. ఇంతవరకూ వచ్చింది నువ్వు చూడు ముందు. నువ్వు బొమ్మ చూసుకోలేదుగా ఎప్పుడూ."

నిజమే. అమ్మ పోయాక నేను ఊరికొచ్చినప్పుడల్లా ఆ టార్పాలిన్ వైపు చూడలేక తప్పించుకున్నాను. ఇప్పుడు భయం లేదు. తిన్నగా ఎదురుగా నిలబడి చూశాను.

"బాగుంది నాన్నా."

నాన్న నా వైపు ఓసారి చూశాడు. ముక్కు కొసన కొంచెం మట్టి పెట్టాడు. "ఇప్పుడు?"

"బాగుంది."

దవడ దగ్గర చెక్కపేడుతో గీరాడు. బుగ్గలు నింపాడు. గడ్డం కిందికి లాగాడు. అరగంట పట్టింది. నేను సంచిలోంచి తీగలు తీసి చిక్కులు విడదీసుకుంటున్నాను.

"ఇలా రా. ఇప్పుడు చూడు."

"ఇదీ బాగుంది నాన్నా. చాలా దగ్గరికొచ్చింది."

నాన్న చేతిలోంచి చెక్కపేడు బల్ల మీద పెట్టాడు.

"అది మన ఈధి చివర ఇడ్లీలు వేసే సూరమ్మే."

అప్పన్న బాబాయి తొక్కుతున్న మట్టిలో అలాగే ఆగిపోయాడు. నేను మళ్ళీ చూశాను. సూరమ్మే. ఇప్పుడు చెప్పాడు కాబట్టి తెలిసింది.

"ముప్ఫయ్యేళ్ళలో వెయ్యి కుటుంబాలు చూసుంటాను," అన్నాడు నాన్న. "చూడగానే బాగుందండి అనేసేవోళ్ళు ఒక్క రకమే ఉంటారు. నాయకుల విగ్రహాలకి కమిటీ కట్టుకునొస్తారు చూడు, ఆళ్ళు. పోయినాయన్ని ఎప్పుడూ దగ్గర్నించి చూసుండరు కదా." నా వైపు తిరిగాడు. "నీకు మీ అమ్మ మొహం గుర్తు లేదే."

"అదేంటి నాన్నా, అలా అంటావు?" అన్నాను. కోపం కూడా వచ్చింది. కళ్ళు మూసుకున్నాను, వెంటనే రుజువు చూపించాలని.

అమ్మ వచ్చింది. తెర మీద వచ్చిన అమ్మ. తిన్నగా నావైపే చూస్తూ, పెదాలు మూసుకుని, నున్నగా, ఏ వయసో తెలియకుండా. కాలవగట్టు మీద బట్టలు ఉతుకుతున్న అమ్మని తలచుకున్నాను. గట్టు వచ్చింది, బట్టల చప్పుడు వచ్చింది, చీర రంగు కూడా వచ్చింది. తల తిప్పితే అదే ముఖం. నన్ను హాస్టల్లో దింపి బస్సెక్కుతున్న అమ్మని తలచుకున్నాను. అదే ముఖం. విరిగిన పన్ను ఉందని తెలుసు, మాటగా తెలుసు. ఎటువైపు పన్నో తెలియలేదు.

"నాన్నా, పన్ను ఎటువైపు?"

ఆయన గోనె తీసి సూరమ్మ ముఖం మీద కప్పాడు.

*

మధ్యాహ్నం షెడ్డు వెనక కొబ్బరిపీచు కుప్ప మీద కూర్చుని అంతా ఆలోచించుకున్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి తప్పు ఎక్కడుందో త్వరగానే దొరికింది. త్వరగా దొరికినందుకు సంతోషమేమీ కలగలేదు.

ఒక జ్ఞాపకాన్ని బయటికి తీసిన ప్రతిసారీ అది కాసేపు మెత్తబడుతుంది. మళ్ళీ గట్టిపడేలోగా ఎదురుగా ఏది ఉంటే దాని అచ్చు కొంత పడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. మేం మూడు గంటల్లో కొన్ని వేలసార్లు బయటికి తీశాం, తీసిన ప్రతిసారీ ఎదురుగా వేరే ముఖం పెట్టాం. చివర్న 'కాదు' ఆగిపోయింది. దొరికిందనుకున్నాం. దొరకలేదు. 'కాదు' అని చెప్పి చెప్పి, చెప్పేది అలిసిపోయింది. అంతే. ఆ అలసటని మేం శాంతి అని రాసుకున్నాం.

మేడమ్‌కి ఫోన్ చేశాను. సూరమ్మ సంగతి చెప్పాను.

"మేడమ్, వింటున్నారా?"

"మావారికి ఎడమ బుగ్గ మీద మచ్చ ఉండేదిట," అన్నారు ఆవిడ. "మొన్న మా ఆడపడుచు చెప్పింది. ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను కుసుమా. నాకు గుర్తు లేదు."

"మీరు... మీరూ పెట్టుకున్నారా?"

"నీ తరవాత వారానికి. ఎవరికీ చెప్పలేదు."

"మరి తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారు మేడమ్?"

"మచ్చ సంగతి విన్నరోజు కూడా నాకు హాయిగా నిద్రపట్టింది. ఆయన పోయాక తొమ్మిదేళ్ళు పట్టని నిద్ర. తప్పని చెబితే మళ్ళీ వెతుక్కోవాలి కదమ్మా." ఆవిడ గొంతులో దాపరికం లేదు, అలసటే ఉంది. "నువ్వు రిపోర్టు రాస్తావు. నాకు తెలుసు."

"నా పేరు పెట్టి రాస్తాను మేడమ్. మీ పేరు రాయను."

"రాయి. నా పేరు నేనే రాసుకుంటాను."

*

నాన్నకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. లోపలికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది పెట్టుకుంటే ఒక బొమ్మ దొరుకుతుంది, అమ్మ పోతుంది అని. నా దగ్గర్నుంచి పోయింది అని.

"ఎందుకు పెట్టుకున్నావే అసలు?"

"పరాయివాళ్ళ తల మీద ముందు ఎలా పెడతాం నాన్నా?"

ఆయన తలూపాడు. నన్ను తిట్టడానికి ఏమీ దొరకనట్టు. తరవాత స్టూలు జరుపుకుని కూర్చుని, "సరే, నాకు పెట్టు," అన్నాడు.

"నేను చెప్పింది విన్నావా?"

"నిద్రపడుద్దన్నావుగా. విన్నాను." తన అరిచేతులు చూసుకున్నాడు. మట్టి ఎండి పగుళ్ళిచ్చింది. "పదునాలుగు నెలల్నించీ పొద్దున్నే లేచి దాని ముక్కు సరిచేస్తన్నాను. సాయంత్రానికి కాదంటది. పడగొడతాను. మళ్ళా పొద్దున్నే లేస్తాను. అందరి పెళ్ళాలూ చచ్చిపోతారు, అందరూ నాలాగే తెల్లారగట్ట లేచి మట్టి తడుపుతున్నారా? నా వల్ల కావట్లేదమ్మడూ. చేతులు నొప్పెడుతున్నాయి."

"నువ్వు కూడా పోగొట్టుకుంటే అమ్మ ముఖం ఇంక ఎక్కడా ఉండదు నాన్నా."

"అందుకని నన్ను మొయ్యమంటావా? నీ దగ్గర లేదని?"

న్యాయంగా చూస్తే ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఒక పక్క నా తండ్రి ప్రాణం, ఇంకో పక్క నా తల్లి ముఖం. ఆ ముఖం మీద నాకు హక్కు ఎంతో నాకే తెలియదు, నా వాటా నేను తగలేసుకున్నాను.

టోపీ తీశాను. లోపలి బిళ్ళలు ఉప్పునీళ్ళతో తడిపాను. ఆయన జుట్టు పాయలు తీసి ఒక్కో బిళ్ళా ఆనించాను. తల నిండా మట్టి రజను. తీగలు వీపు మీదుగా వేలాడుతున్నాయి.

మట్టిలోంచి అప్పన్న బాబాయి అన్నాడు, "ఏంటండీ రాజుగారూ, మళ్ళీ బాసికం కట్టించుకుంటన్నారా?"

"నోరుముయ్యరా," అన్నాడు నాన్న. ఆ మాటలో కొంచెం ప్రాణం ఉంది.

మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. "ఒక్క మాట చెప్పు నాన్నా. తరవాత నొక్కేస్తాను. అమ్మ ముక్కు ఎందుకు కుదరట్లేదు? నేను రాసుకుంటాను." నోటుపుస్తకం తీశాను.

"ఎందుకంటే... ఇలా ఉండదు కాబట్టి."

"ఎలా ఉండదు?"

"మీ అమ్మకి ముక్కు సూటిగా ఉండేది కాదు. అంటే వంకర కాదు. ఊపిరి తీసినప్పుడు..." చేత్తో గాల్లో ఏదో చూపించబోయాడు. కుదరలేదు. "రాసుకునేది కాదే అది. ఇలారా. పుస్తకం అవతల పెట్టు."

గోనె విప్పాడు. సూరమ్మ ముక్కు పీకేసి, గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టాడు. "పెట్టు."

"నాకు తెలియదుగా!"

"తెలియకపోతే తప్పు పెట్టు."

పెట్టాను. నేను షెడ్డులో పుట్టిపెరిగాను గానీ నా చేత మట్టి ముట్టనివ్వలేదు ఎప్పుడూ. చదువుకునే చేతులని అమ్మ తిట్టేది. నేను పెట్టిన ముక్కు వంకాయలా ఉంది.

"ఇదెవడి ముక్కే? మీ అమ్మ చూత్తే చీపురు తిరగేసుద్ది." నా బొటనవేలు పట్టుకుని మట్టి మీద పెట్టి నొక్కాడు. "ఇక్కడ ఎముక. చిన్నప్పుడు గడప మీద పడి అదిరిందంట. చూసేవోళ్ళకి కనబడదు. చేత్తో రాస్తే తెలిసేది. ఇక్కణ్ణించి కిందికి కాస్త ఎడంకి జారుద్ది. ముక్కుపుడక బరువనుకునేవోణ్ణి. తీసేసినా అలాగే ఉండేది."

"ఇలాగా?"

"కాదు."

"ఇలా?"

"కాదెహె. నువ్వు నొక్కేత్తన్నావు. నొక్కకూడదు, ఆనించాలి."

ఆయన వంగినప్పుడల్లా తీగలు మట్టికి తగులుతున్నాయి. రెండుసార్లు పక్కకి తోశాడు. మూడోసారి విసుగొచ్చి టోపీ పీకి బల్ల మీద పడేశాడు. అది పడేశానని గమనించుకున్నట్టు కూడా లేదు.

అన్నం చల్లారిపోయిందని అప్పన్న బాబాయి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు. మూడు గంటలకి, ఎప్పుడూ ఆయన అరిచేత్తో చదునుచేసే వేళకి, నా వంకాయ ముక్కు ఇంకా ముక్కు కాలేదు. నాన్న గొంతు బొంగురుపోయింది. ఇన్ని నెలల్లో ఆయన అమ్మ గురించి అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. నవ్వితే పై పెదవి ఎక్కడ ఆగేదో, కోపమొస్తే ఏ కనుబొమ పైకి పోయేదో, పన్ను కుడివైపుది అనీ, అది తాటితేగ కొరికితే విరిగిందనీ.

అవేవీ నాకు గుర్తుకు రాలేదు. కళ్ళు మూస్తే ఇంకా తెర మీది ముఖమే వస్తోంది. వేళ్ళ కింద మాత్రం వేరే ఎవరో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళు నాన్న చూసిన ముఖం అది, నేను చూసింది కాదు. అయినా నొప్పెట్టింది. చాలా రోజుల తరవాత ఛాతీ మీదికి ఆ బరువు తిరిగొచ్చి కూర్చుంది. ఈ రాత్రి నిద్రపట్టదని తెలిసిపోయింది.

నాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోశాడు. ఆయన కూడా అలిసిపోయాడు, నిలబడటానికి బల్ల పట్టుకున్నాడు. అప్పుడు టోపీ కంటబడింది.

"ఇది నీ దగ్గర ఎన్నాళ్ళుంటది?"

"సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి నాన్నా."

తడి గోనె పిండి, బొమ్మ మీద జాగ్రత్తగా కప్పి, వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

"అయితే ఇచ్చేసి మళ్ళా రా," అన్నాడు. "సోమారానికి నీకు చెవులు పెట్టడం కూడా రాదు."